వైఫై డబ్బాలో లస్కరు



నాగాయలంక, కోడూరు వైపు వెళ్ళినవారు అక్కడి కరకట్టను చూసే ఉంటారు. కట్టకు ఒక వంక పచ్చని వరి చేలు. మరొక వంక మడ చెట్లు, ఉప్పునీటి పాయలు, ఆ పైన సముద్రం. చేలలోని మురుగు నీరు ఎప్పటికైనా సముద్రంలోకే పోవాలి గదా! అందుకని కట్టకు అక్కడక్కడా స్లూయిసులు కట్టి, వాటికి తలుపులు బిగిస్తారు. వీటిలో ఒక రకం తలుపు చాలా చమత్కారమైనది. దాని బందులు పైభాగాన ఉంటాయి. అది సముద్రం వైపుకు మాత్రమే తెరుచుకుంటుంది. చేల వైపు నీరు ఎక్కువైతే, ఆ నీరే తలుపును నెట్టుకుని బయటికి పోతుంది. పోటు సమయంలో సముద్రపు నీరు ఎగదన్నితే, ఆ నీరే తలుపును గట్టిగా మూసివేస్తుంది.

ఈ తలుపు తీసివేసి దారిని బార్లా తెరిచి పెట్టామనుకోండి. ఉప్పునీరు చేలలోకి వచ్చి భూమి చౌడు బారుతుంది. పోనీ, స్లూయిసు అనేదే లేకుండా కట్టను మూసివేశామనుకోండి. వాన నీరు పోయే దారి లేక పైరు కుళ్ళిపోతుంది. కాబట్టి రైతుకు బార్లా తెరిచిన దారీ పనికిరాదు, రంధ్రం లేని గోడా పనికిరాదు. దేన్ని పోనివ్వాలో, దేన్ని రానివ్వకూడదో తెలిసిన తలుపు కావాలి.

ఇప్పుడు మన ఇళ్ళలోకి మరొక కాలువ వచ్చింది. అదే ఇంటర్నెట్టు. ఈ కాలువకు కూడా తలుపు ఉంది. దాని పేరు ఫైర్‌వాల్. దాన్ని ఎంత తెరవాలి, ఎంత మూయాలి అన్నదే ఈ నెల మన పాఠం. అమ్మానాన్నలను కూడా పక్కన కూర్చోపెట్టుకుని చదవండి. ఎందుకంటే ఆ తలుపు తాళం వారి చేతిలో ఉంటుంది.

స్తంభాల మీదుగా వచ్చిన కాలువ

బెజవాడ దగ్గర కృష్ణానదికి 1855లో ఆనకట్ట పూర్తి అయినది. ఆ తరువాతనే మన డెల్టాలో కాలువ నీటి సేద్యం విస్తరించింది. ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని తరువాత కట్టినదే 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ. ఈ సంగతులు మీ పాఠ్యపుస్తకాల్లో చదివి ఉంటారు.

ఇంటర్నెట్టు కాలువ నేల మీద కాదు, చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. వెంట్రుక వంటి సన్నని గాజు తీగెలో వెలుతురు రూపాన వార్తలు ప్రయాణం చేస్తాయి. టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ ఒకే తీగె మీద ఇంటికి వస్తాయి. వేరే కంపెనీలవారి తీగెలు కూడా మన ఊళ్ళలోకి వచ్చాయి. గుడ్లవల్లేరులో ఇంజనీరింగు కాలేజీ చదువుతున్న అక్కకూ, గుడివాడలో దుకాణం నడిపే బాబాయికీ, రొయ్యల చెరువు కెమెరాను ఫోనులో చూసుకునే మామయ్యకూ ఇప్పుడు ఈ తీగె లేనిదే పొద్దు గడవదు.

తీగె ఇంట్లోకి వచ్చి ఒక చిన్న డబ్బాలో ఆగుతుంది. దాన్ని రౌటరు అంటారు. మనం వైఫై డబ్బా అంటాం. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటరు, టీవీ, కెమెరా అన్నీ ఆ డబ్బా ద్వారానే బయటి లోకంతో మాట్లాడతాయి. అంటే ఆ డబ్బా మన ఇంటి కాలువకు లాకు. లాకు ఉన్నచోట తలుపులు ఎత్తి దించే లస్కరు ఉండాలి గదా! ఆ డబ్బాలోని లస్కరే ఫైర్‌వాల్.

పొట్లాలు, గుమ్మాలు

లస్కరు ఏమి చూసి తలుపు తీస్తాడో తెలియాలంటే, ముందు ఈ కాలువలో ఏమి ప్రవహిస్తుందో తెలియాలి.

మీరు తాతయ్యకు ఒక ఫోటో పంపారనుకోండి. అది ఒక్క ముక్కగా పోదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి పోతుంది. ఒక్కొక్క పొట్లంలో సాధారణంగా 1,500 బైట్లకు మించి పట్టదు. మూడు మెగాబైట్ల ఫోటో అయితే రెండు వేలకు పైగా పొట్లాలు అవుతుంది. అవతల తాతయ్య ఫోనులో అవన్నీ మళ్ళీ వరుసగా అతుక్కుని ఫోటో అవుతాయి.

ప్రతి పొట్లం మీదా చిరునామా ఉంటుంది. ఉత్తరం మీద 521356 అని వ్రాస్తే అది గుడ్లవల్లేరు తపాలా కార్యాలయానికి చేరుతుంది. ఆ తరువాత ఇంటి నంబరు చూసి పోస్టుమాన్ ఆ గుమ్మంలో ఇస్తాడు. ఇక్కడ కూడా అంతే. ఏ యంత్రానికి పోవాలో చెప్పేది ఐపీ చిరునామా. ఆ యంత్రంలో ఏ గుమ్మానికి పోవాలో చెప్పేది పోర్టు నంబరు. ఒక్కొక్క యంత్రానికి 0 నుంచి 65,535 వరకు గుమ్మాల నంబర్లు ఉన్నాయి!

వీటిలో కొన్నిటికి స్థిరమైన పనులు ఉన్నాయి. తాళం బొమ్మ ఉన్న వెబ్ పుటలకు 443వ గుమ్మం. పేరు చెబితే ఐపీ చిరునామా వెతికి చెప్పేది 53వ గుమ్మం. విండోస్ కంప్యూటర్లు తమలో తాము ఫైళ్ళు పంచుకునేది 445వ గుమ్మం. దూరం నుంచి యంత్రాన్ని నడిపించే పాతకాలపు టెల్నెట్ పద్ధతికి 23వ గుమ్మం. ఈ చివరి రెండు నంబర్లనూ గుర్తుపెట్టుకోండి. వీటి కథ ముందు వస్తుంది.

పేరు ఎట్లా వచ్చింది?

ఫైర్ అంటే నిప్పు. వాల్ అంటే గోడ. వేసవిలో తాటాకు ఇళ్ళ వరుసలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే గాలికి వరుస అంతా తగలబడటం మన పల్లెల్లో పెద్దలు ఎరిగినదే. మధ్యలో ఒక ఎత్తైన ఇటుక గోడ ఉంటే మంట అక్కడ ఆగే అవకాశం ఉంది. పెద్ద గిడ్డంగులకూ, కార్ఖానాలకూ ఇటువంటి గోడలు కట్టేవారు. కారులో ఇంజనుకూ, మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకును కూడా ఇదే పేరుతో పిలుస్తారు. ఒకచోట పుట్టిన కీడు మరొక చోటికి పాకకుండా ఆపేది కనుక కంప్యూటర్లవారు ఈ పేరును అరువు తెచ్చుకున్నారు.

కంప్యూటర్లలో పాకే కీడు ఏమిటంటారా? దాని కథ 1988 నవంబరు 2న పెద్దయెత్తున తెలిసివచ్చింది. అప్పటికి ఇంటర్నెట్టులో ఉన్నవి సుమారు 60 వేల కంప్యూటర్లే. అవి చాలావరకు విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనశాలల్లో ఉండేవి. అక్కడివారు ఒకరినొకరు నమ్మేవారు. తలుపులు తీసే ఉండేవి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామును వదిలాడు. అది ఒక కంప్యూటరులో దూరి, తన నకలు తానే చేసుకుని, పక్క కంప్యూటరులోకి పాకేది. నకళ్ళు లెక్కకు మించి పెరిగి కంప్యూటర్లు కదలలేక నిలిచిపోయాయి. ఇట్లా సుమారు ఆరు వేల కంప్యూటర్లు చిక్కుకున్నాయని అంచనా. ఇటువంటి ప్రోగ్రామును పురుగు అనే అర్థంలో వర్మ్ అంటారు. తలుపుల దగ్గర కాపలా ఉండాలన్న సంగతి అప్పుడు అందరికీ బాగా తెలిసివచ్చింది.

మన ఇంటికి ఎవరు వస్తారు?

"మనది చిన్న ఇల్లు. మన కంప్యూటరులో దొంగకు ఏమి దొరుకుతుంది?" అని కొందరు పెద్దలు అంటారు. ఇది సబబుగానే కనిపిస్తుంది. కాని ఈ దొంగ ఇల్లు చూసి, ఊరు చూసి రాడు. అసలు మనిషే రాడు. ఒక ప్రోగ్రాము ఒకటో చిరునామా నుంచి మొదలుపెట్టి వరుసగా అన్ని చిరునామాల తలుపులూ తట్టుకుంటూ పోతుంది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు. ఇవన్నీ తట్టడానికి ఏళ్ళు పడుతుందనుకుంటున్నారా? 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే ఒక కంప్యూటరుతో, మంచి వేగం గల తీగె మీద, ముప్పావు గంటలోపలే ఆ చిరునామాలన్నిటిలో ఒక గుమ్మాన్ని తట్టి చూడవచ్చునని చేసి చూపారు. వారు చేసినది పరిశోధన కోసం. దుర్మార్గులు అదే పని దోపిడీ కోసం చేస్తారు. ఆ వరుసలో గుడ్లవల్లేరు ఇల్లూ ఉంటుంది, న్యూయార్కు ఇల్లూ ఉంటుంది.

ఇప్పుడు 23వ గుమ్మం కథ వినండి. 2016లో మిరాయ్ అనే పురుగు బయలుదేరింది. అది ముఖ్యంగా ఇళ్ళలోని కెమెరాలనూ, వైఫై డబ్బాలనూ పట్టుకున్నది. దాని దగ్గర గొప్ప విద్య ఏమీ లేదు. కంపెనీలవారు తయారీలో పెట్టే పేర్లు, పాస్‌వర్డులు అరవైకి పైగా ఒక జాబితాగా వ్రాసుకున్నది. 23వ గుమ్మం తట్టి, ఆ జాబితాను ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. కొన్ననాటి పాస్‌వర్డును మార్చని ఇళ్ళు దొరికిపోయాయి. ఆ ఇంటివారికి ఏమీ తెలియదు. కెమెరా ఎప్పటిలాగే పనిచేస్తూ ఉండేది. కాని 2016 అక్టోబరు 21న ఇటువంటి యంత్రాలన్నీ ఒక్కసారిగా డిన్ అనే కంపెనీ మీదికి పొట్లాల వర్షం కురిపించాయి. అది చిరునామాలు వెతికి చెప్పే కంపెనీ. దానితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద పెద్ద సేవలు కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు. చూశారా? మన ఇంట్లో దొంగిలించడానికి ఏమీ లేకపోయినా, మన ఇంటి వస్తువునే ఆయుధం చేసుకుని మరొకరిని కొట్టవచ్చు!

ఇక 445వ గుమ్మం కథ. 2017 మే 12న వానాక్రై అనే పురుగు లోకం మీద పడింది. అది 445వ గుమ్మం గుండా విండోస్ కంప్యూటర్లలో దూరి, అందులోని ఫైళ్ళనన్నిటినీ రహస్య లిపిలోకి మార్చి తాళం వేసేది. తాళం తీయాలంటే డబ్బు ఇమ్మని తెర మీద వ్రాసేది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని వాత పడ్డాయి. ఇంగ్లండులో ఆసుపత్రుల పని ఆగిపోయింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీనికి చిక్కాయి. మార్కస్ హచిన్స్ అనే ఇరవై రెండేళ్ళ ఆంగ్ల యువకుడు దాన్ని పరిశీలించి, అది ఎప్పుడూ ఒక లేని వెబ్ చిరునామాను పిలుస్తున్నదని కనిపెట్టాడు. ఆ చిరునామాను తానే కొని రిజిస్టరు చేశాడు. పిలుపుకు జవాబు రాగానే పురుగు ఆగిపోయింది.

ఇందులో నేర్చుకోవలసినది ఒకటి ఉన్నది. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చి 14న, మైక్రోసాఫ్టువారు విడుదల చేశారు. ఆ మందు వేసుకున్న కంప్యూటరుకు ఈ పురుగు దూరే దారి లేదు. 445వ గుమ్మం బయటివారికి మూసి ఉన్న చోట బయటి నుంచి నేరుగా తట్టినా లాభం లేదు.

లస్కరు చేతిలోని పుస్తకం

కరకట్ట మీది తలుపు బయటికి పోయే నీటిని పోనిస్తుంది, లోపలికి వచ్చేదాన్ని ఆపుతుంది. ఫైర్‌వాల్ కూడా అంతేనా? అంతే అయితే ఒక చిక్కు ఉన్నది. మనం ఒక పాఠం చూపించమని బయటికి అడుగుతాం. ఆ పాఠం లోపలికి రావాలి గదా! లోపలికి వచ్చేదంతా ఆపేస్తే పాఠం ఎట్లా వస్తుంది?

అందుకే మన లస్కరు చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. మీ ఫోను బయట ఫలానా చిరునామాకు, ఫలానా గుమ్మానికి కబురు పంపగానే అతడు దాన్ని పుస్తకంలో వ్రాసుకుంటాడు. కొంచెం సేపటికి బయటి నుంచి ఒక పొట్లం వస్తుంది. వెంటనే పుస్తకం తిప్పి చూస్తాడు. "ఇది మనవాళ్ళు అడిగినదానికి జవాబే" అని తేలితే లోపలికి పంపుతాడు. ఎవరూ అడగకుండా వచ్చినదైతే, మాట్లాడకుండా పక్కన పారవేస్తాడు. పని ముగిసిన తరువాత ఆ పద్దును కొట్టివేస్తాడు. ఇదంతా సెకనులో వెయ్యో వంతుకన్న తక్కువ కాలంలో జరుగుతుంది. మొదటి ఫైర్‌వాల్‌లు చిరునామా, గుమ్మం నంబరు మాత్రమే చూసేవి. పుస్తకం చూసే పద్ధతి తరువాత వచ్చింది. ఇప్పుడు ఇంటి డబ్బాల్లో ఉన్నది ఇదే.

నాలుగు మెట్లు

లస్కరు ఎంత కటువుగా ఉండాలో చెప్పడానికి డబ్బా సెట్టింగులలో మెట్లు ఉంటాయి. అన్ని డబ్బాల్లోనూ పేర్లు ఒకటి కావు. ఎక్కువగా కనిపించేవి ఇవి: ఆఫ్, లో, మీడియం, హై.

ఆఫ్ అంటే లస్కరును ఇంటికి పంపివేయడం. ఇళ్ళలో దీనికి పని లేదు. ఏదైనా చెడిపోయినప్పుడు మరమ్మతు చేసేవారు పరీక్ష కోసం కొద్ది నిమిషాలు ఆపవచ్చు. వారు వెళ్ళేలోగా మళ్ళీ పెట్టించాలి.

లో అంటే లస్కరు ఉన్నాడు గాని చూసీ చూడనట్లు పోతాడు. కొన్ని డబ్బాల్లో బయటి నుంచి అడగకుండా వచ్చేవాటిని కూడా చాలావరకు ఒప్పుకుంటాడు. మరికొన్నిటిలో, "ఎవరైనా ఉన్నారా?" అని బయటివారు పిలిస్తే "ఉన్నాము" అని జవాబు చెబుతాడు. ఈ పిలుపును పింగ్ అంటారు. తలుపులు తట్టుకుంటూ పోయేవాడికి, ఇక్కడ ఇల్లు ఉన్నదని చెప్పడం మనకెందుకు?

మీడియం అంటే ఇంట్లోవారు బయటికి ఎక్కడికైనా పోవచ్చు. లోపలికి మాత్రం, అడిగినవాటికి వచ్చిన జవాబులే రావాలి. పైన చెప్పిన పుస్తకం పద్ధతి ఇదే.

హై అంటే లోపలికి వచ్చేవాటిపై అదే కట్టడి. దానికి తోడు చాలా డబ్బాల్లో బయటికి పోయేవాటి మీద కూడా కట్టడి ఉంటుంది. వెబ్ పుటలు, పేర్ల వెతుకులాట, ఈమెయిలు వంటి తెలిసిన గుమ్మాలకు మాత్రమే పోనిస్తాడు. తక్కినవి ఆపేస్తాడు.

ఒక్కొక్క కంపెనీ ఈ మాటలకు ఒక్కొక్క అర్థం పెట్టుకున్నది. అందుచేత మాటను మాత్రమే చూడకండి. దాని పక్కన చిన్న అక్షరాలతో వ్రాసిన వివరం చదివించుకోండి.

ఏ ఇంటికి ఏ మెట్టు?

మార్కులలాగా ఎక్కువైతే మంచిదే గదా, అందరూ హై పెట్టుకుంటే పోలేదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. జవాబు కోసం మూడు ఇళ్ళు ఊహించుకుందాం.

మొదటి ఇంట్లో తాతయ్య, నాయనమ్మ మాత్రమే ఉన్నారు. వార్తలు చదువుతారు, కరెంటు బిల్లు కడతారు, భక్తి పాటలు వింటారు. వీరికి హై మెట్టు సరిపోవచ్చు. పెట్టి నాలుగు రోజులు చూడాలి. ఏదీ ఆగకపోతే అట్లాగే ఉంచవచ్చు.

రెండవ ఇంట్లో బడికి పోయే తమ్ముడు, ఇంటి నుంచే ఆఫీసు పని చేసే అక్క ఉన్నారు. హై పెడితే అక్క ఆఫీసుకు కలిసే దారి మూసుకుపోవచ్చు. వీడియో పాఠంలో మాట తెగిపోవచ్చు. వీరికి మీడియం తగినది.

మూడవ ఇంట్లో కెమెరా ఉన్నది. అమెరికాలో ఉన్న అన్నయ్య అక్కడి నుంచి ఇల్లు చూడాలనుకుంటాడు. ఎవరో వచ్చి, "ఫైర్‌వాల్ తీసేస్తే గాని కనిపించదు" అంటారు. ఈ మాట వినకండి. ఇప్పటి కెమెరాలు చాలావరకు తామే బయటికి పోయి, తమ కంపెనీ యాప్ ద్వారా బొమ్మను అందిస్తాయి. మీడియం మెట్టు దీనికి అడ్డు చెప్పదు. ఒకవేళ తప్పనిసరై తలుపు తీయవలసి వచ్చినా, కావలసిన ఒక్క గుమ్మాన్నే తీయించాలి. ఒక కిటికీ కోసం గోడ కూల్చుకోరు గదా! డీఎంజెడ్ అనే సెట్టింగు ఉంటుంది. అది ఒక యంత్రాన్ని పూర్తిగా గోడ బయట నిలబెట్టడం. దాని జోలికి పోవద్దు. యూపీఎన్‌పీ అనే మరొకటి ఉంటుంది. ఇంట్లోని ఆటల యంత్రాలూ, కెమెరాలూ మనను అడగకుండా తమకు తామే గుమ్మాలు తెరుచుకోవడానికి అది వీలిస్తుంది. అవసరం లేని ఇళ్ళలో దాన్ని ఆపివేయడమే మేలు.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. గొళ్ళెం మరీ బిగువైతే ఇంట్లోవారు విసిగి, తలుపుకు ఇటుకరాయి అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు. ఫైర్‌వాల్ కూడా అంతే. హై పెట్టిన ఇంట్లో ఆట ఆగిపోయిందని ఒకరు, సినిమా ఆగిపోయిందని ఒకరు చిరాకుపడి, చివరకు ఎవరో ఒకరు ఆఫ్ నొక్కేస్తారు. ఆ తరువాత మళ్ళీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. కనుక అన్నిటికన్న కటువైన మెట్టు కోసం వెతకవద్దు. మీ ఇంటి పనులు సాగుతూ, ఎవరికీ తీసివేయాలనిపించకుండా, ఏడాది పొడుగునా నిలిచి ఉండే మెట్టును ఎన్నుకోండి. ఎక్కువ ఇళ్ళకు అది మీడియం.

కంప్యూటరులో మరొక కావలి

డబ్బాలో ఒక లస్కరు ఉండగా, విండోస్ కంప్యూటరులో కూడా మరొకడు ఉంటాడు. 2004లో వచ్చిన మార్పు తరువాత విండోస్‌లో ఫైర్‌వాల్ తనంత తానే పనిచేస్తూ వస్తున్నది. కొత్త వైఫైలో చేరినప్పుడు అది పబ్లిక్కా, ప్రైవేటా అని ఎన్నుకునే వీలు ఉంటుంది. ఇంట్లో అయితే ప్రైవేటు. రైల్వే స్టేషనులోనూ, హోటలులోనూ అయితే పబ్లిక్. పబ్లిక్ అంటే, "చుట్టూ ఉన్నవారు నాకు తెలియదు, నేను వారికి కనిపించను" అని కంప్యూటరు అనుకుంటుందన్నమాట. ఏది ఎన్నుకోవాలో తెలియకపోతే పబ్లిక్ అనడమే క్షేమం.

పెద్ద తరగతుల పిల్లలకు మరొక్క మాట. పాత 430 కోట్ల చిరునామాలు లోకానికి చాలక, ఇంట్లోని యంత్రాలన్నీ ఒకే బయటి చిరునామాను పంచుకునే ఏర్పాటు వచ్చింది. దాని వలన లోపలి యంత్రాలు బయటికి కనిపించకుండా కొంత చాటు దొరికింది. ఇప్పుడు వస్తున్న ఐపీవీ6 పద్ధతిలో చిరునామాలకు కరువు లేదు. ఒక్కొక్క ఫోనుకూ సొంత చిరునామా ఉండవచ్చు. అప్పుడు ఆ చాటు ఉండదు. అందుచేత డబ్బాలో ఐపీవీ6కు కూడా ఫైర్‌వాల్ పనిచేస్తున్నదో లేదో చూడాలి.

లస్కరు చేయలేని పని

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమంది ప్రాణాలు తీసుకున్నది. ఆ తరువాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు, ముందుగా హెచ్చరించే ఏర్పాట్లు పెంచారు. కట్ట ఒక్కటే చాలదని, దానికి తోడు మనిషి జాగ్రత్త కావాలని ఈ ప్రాంతంవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఫైర్‌వాల్ సంగతి కూడా అంతే. అడగకుండా వచ్చినవాడిని అది ఆపుతుంది. మనమే పిలిచి లోపలికి తెచ్చుకున్నవాడిని ఆపలేదు. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో ఒక ఫైలు వస్తుంది. దాని చివర ఏపీకే అని ఉంటుంది. అది శుభలేఖ కాదు, ఫోనులో దూరే ప్రోగ్రాము. మీరు దాన్ని నొక్కి ఒప్పుకుంటే, లస్కరు పుస్తకంలో అది మీరు అడిగినదే అవుతుంది! బ్యాంకువారమని ఫోను చేసి ఓటీపీ అడిగేవాడు అసలు వైఫై డబ్బా దారినే రాడు. నాన్నగారి నోటి నుంచే నంబరు చెప్పించుకుని, పంట అమ్మిన డబ్బును పట్టుకుపోతాడు. అటువంటిది జరిగితే సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ నంబరును ఇప్పుడే గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టండి.

మీరే చేసి చూడండి

వచ్చే ఆదివారం అమ్మతోగాని, నాన్నతోగాని కూర్చుని ఈ పని చెయ్యండి. పెద్దలు లేకుండా చేయవద్దు. ఇతరుల డబ్బా జోలికి అసలే పోవద్దు. అది నేరం.

1. వైఫై డబ్బాను తిరగేసి చూడండి. అడుగున ఒక చిరునామా ఉంటుంది. చాలావాటిలో అది 192.168.1.1 అని గాని, 192.168.0.1 అని గాని ఉంటుంది. ఇంటి వైఫైలో ఉన్న ఫోనులోగాని, కంప్యూటరులోగాని ఆ చిరునామా కొడితే డబ్బా సెట్టింగుల పుట వస్తుంది. రాకపోతే కనెక్షను ఇచ్చినవారిని అడగండి.

2. మొట్టమొదట డబ్బా పాస్‌వర్డును మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డు కాదు, సెట్టింగులలోకి పోవడానికి ఉన్నది. కొత్తదాన్ని ఒక నోటుపుస్తకంలో వ్రాసి, అమ్మకు ఇచ్చి బీరువాలో పెట్టించండి. మిరాయ్ పురుగు కథ గుర్తున్నది గదా!

3. సెక్యూరిటీ అనే భాగంలో ఫైర్‌వాల్ ఎక్కడున్నదో చూడండి. ఇప్పుడు ఏ మెట్టు ఉన్నదో నోటుపుస్తకంలో వ్రాయండి. ఆఫ్ గాని, లో గాని ఉంటే మీడియం చెయ్యండి.

4. వారం రోజులు గమనించండి. ఏ పని ఆగింది, ఏ రోజున, ఏ యంత్రంలో? పట్టిక వేయండి. ఏదీ ఆగకపోతే ఒక వారం హై పెట్టి మళ్ళీ గమనించండి. ఆగినవాటిని చూసి, ఏ మెట్టు నిలపాలో ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించండి.

5. అప్‌డేట్ అని ఉన్నచోట కొత్త మందు వచ్చి ఉందేమో చూడండి. ఫోనుకూ, కంప్యూటరుకూ కూడా చూడండి.

6. డబ్బాలో గెస్ట్ వైఫై ఉంటే, టీవీనీ కెమెరానూ అందులో పెట్టండి. కెమెరాకు పురుగు పట్టినా అది నాన్నగారి కంప్యూటరు గదిలోకి పాకకుండా ఉంటుంది.

ఈ పనులు చేసినవారు తమ పట్టికను సైన్సు మాస్టారికి చూపండి. తరగతిలో పది ఇళ్ళ పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఇంట్లో ఏది ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మీరే విప్పి చెప్పగలుగుతారు.